‘పోయిండు’ అనకూడని బోర్డింగు

మా బోర్డింగు వరండాలో, ఆఫీసు గది తలుపు పక్కన, గోడలో ఒక నల్ల బండ పొదిగి ఉంటుంది. దాని మీద రెండు పేర్లు. వాటి కింద ‘మాతృభూమి రక్షణార్థమై వీరస్వర్గము నలంకరించిన మా పూర్వ విద్యార్థులు’ అని బంగారు రంగు అక్షరాలు. ఆ రంగు రెండు వానాకాలాలకే రాలిపోయింది. ఆ బండను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం ఆ ఇద్దరి మీద కాదు, వాళ్ళు నాతో ఒకే చాప మీద పడుకున్నవాళ్ళు. ఆ వాక్యం రాసినవాడి మీద. అలంకరించారట. స్వర్గం ఏమైనా పెళ్ళిపందిరా, మావాళ్ళు వెళ్ళి మామిడాకులు కట్టడానికి? ఎంత వెతికినా ఆ బండ మీద చచ్చిపోయారన్న మాట మాత్రం కనబడదు. ఆ మాట అనడం ఆయనకు జీవితంలో ఎప్పుడూ చేతకాలేదు.

ఆయన మా వార్డెను. తర్వాత హెడ్మాస్టరయ్యాడు. రెండు రాష్ట్రాలు కలిసిన కొత్తలో, బోర్డింగు నడిపే పటేళ్ళ కమిటీకి తెలుగు బాగా వచ్చిన మనిషి కావలసి వచ్చింది. అంతవరకు మా చదువు ఉర్దూలో సాగింది. కోస్తా నుంచి ఈయన దిగాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, పైజేబులో పొడుం డబ్బీ, చంకలో బెత్తం. అటువైపు నుంచి వచ్చినవాళ్ళందరూ ఇలాంటివాళ్ళని నేను అనను. మా లెక్కల మాస్టరుది కూడా అటువైపే, ఆయన మెదక్ వచ్చిన ఆర్నెల్లకు మాకంటే బాగా మా మాట మాట్లాడేవాడు. ఈ మహానుభావుడు మాత్రం మా నోళ్ళు కడగడానికే దేవుడు తనను రైలెక్కించాడని నమ్మాడు.

ఉర్దూ మాట దొర్లితే ఒక దెబ్బ. ‘గిట్ల’ అంటే ఒక దెబ్బ. ‘జెర’ అంటే ఒక దెబ్బ. అన్నిటికంటే ఆయనకు మంట పుట్టించిన మాట ‘పోయిండు’. ఆ మాట విన్నప్పుడల్లా పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టేవాడు. మేమేం చేస్తాం? మాకు బడికి పోవుడే, ఊరికి పోవుడే, పొలానికి పోవుడే. వెళ్ళడం అనేది పుస్తకాల్లో మనుషులు చేసే పని.

నాకు ఇద్దరే దోస్తులు. ఒకడు రామాయంపేట దర్జీ కొడుకు, ఉర్దూ తెలుగు కలగలిపి మాట్లాడే తురక పిల్లవాడు. రెండోవాడిది హవేలిఘనపూర్ అవతల చిన్న పల్లె. వాడికి తండ్రి లేడు. తల్లి కమిటీ పటేలు ఒకాయన పొలంలో నాట్లు వేసేది, కలుపు తీసేది. పేద పిల్లల్ని కూడా చదివిస్తున్నామని చెప్పుకోవడానికి కమిటీవాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని ఉచితంగా చేర్చుకునేవారు, వాడు ఆ కోటాలో వచ్చాడు. ఉచితంగా తింటున్నావన్న మాట మాత్రం వాడికి మూడు పూటలా వడ్డించేవారు.

ఒకసారి తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని చూసుకునే ఆదివారం వాడి తల్లి రాలేదు. మర్నాడు తెలుగు క్లాసులో వార్డెను వాణ్ణి లేపాడు.

“మీ అమ్మ ఎందుకు రాలేదురా?”

“అమ్మ చేగుంట పోయింది సార్.”

వార్డెను మొహమంతా జాలి పులుముకున్నాడు. “అయ్యయ్యో. ఎలా పోయిందిరా?”

“బస్సుల పోయింది సార్.”

ముందు వరసలో కూర్చునే ఆఫీసర్ల పిల్లలు పకపకా నవ్వారు. వాళ్ళెందుకు నవ్వారో తెలియకపోయినా మేమూ నవ్వాం. వాడొక్కడే నిలబడి అటూ ఇటూ చూశాడు. అప్పుడు వార్డెను బెత్తం బల్ల మీద ఆనించి మాకు జ్ఞానోపదేశం చేశాడు.

“పోయింది అంటే చచ్చింది అని అర్థంరా, సన్నాసీ. బతికున్నవాళ్ళు వెళతారు. చచ్చినవాళ్ళు పోతారు. పోయినవాళ్ళని ఎక్కడికి అని ఎవరూ అడగరు. బుర్రకెక్కిందా?”

“ఎక్కింది సార్. గని మా అమ్మ సావలేదు సార్. పొద్దుమీకి వస్తది.”

ఈసారి లెక్కల మాస్టరు కూడా పక్క గదిలో నవ్వాడని గుర్తు. వార్డెనుకు మాత్రం నవ్వు రాలేదు. వాడి అరచేతులు వాచిపోయాయి, ఆ రాత్రి దర్జీ కొడుకే వాడికి అన్నం కలిపి తినిపించాడు. ఆనాటి నుంచి వాడికి ‘బస్సుల పోయింది’ అనే పేరు ఖాయమైంది. నోరు తెరిస్తే చాలు, ఎవడో ఒకడు వెనక నుంచి ఆ మాట అనేవాడు.

ఈ రాత కూడా చూడండి. వెళ్ళాడు, వచ్చాడు, చేశాడు అనే రాస్తున్నాను. ఇంట్లో నా పెళ్ళాంతో మాట్లాడే భాష కాదిది. ఆ బెత్తం చేసిన పని. నా వేళ్ళలో ఇంకా ఉంది.

వాడు పారిపోవడం అప్పుడే మొదలుపెట్టాడు. అన్నంలో పురుగులున్నాయనో, చలికి దుప్పటి లేదనో కాదు, అవి అందరికీ ఉన్న బాధలే. నోరు తెరిస్తే నవ్వుతున్నారని పారిపోయేవాడు. వేరే పిల్లవాడు పారిపోతే వాచ్‌మన్ వెళ్ళేవాడు. వీడు పారిపోతే వార్డెను స్వయంగా సైకిలెక్కేవాడు. ఎందుకంటే అక్కడ పటేలు ఇంట్లో మజ్జిగ తాగి, నాలుగు పద్యాలు పాడి, ఉచితం పిల్లవాడి మీద చాడీలు చెప్పి రావచ్చు. ఆ తల్లి ఇంటి ముందు సైకిలు దిగి, మెట్టు ఎక్కకుండా, ఎప్పుడూ అవే మాటలు అనేవాడు.

“అమ్మా, మీవాడు వెళ్ళిపోయాడమ్మా. మా బోర్డింగుకు గొప్ప కీర్తి తెచ్చాడు.”

వీడు ఆ సమయానికి లోపల వడ్ల గుమ్మి వెనక కూర్చుని అంతా వింటూ ఉండేవాడు. ఆ ఇంటికి వెనక పొలం వైపు ఒక తలుపు ఉంది. వాడు ఏ వేళప్పుడు వస్తాడో తెలియదని ఆమె దానికి గొళ్ళెం పెట్టేది కాదు. అన్నం పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంచేది. మర్నాడు పొద్దున్నే వాడి రెక్క పట్టుకుని మెదక్ దాకా నడిపించుకొచ్చి, గేటు దగ్గర చేతులు జోడించి నిలబడేది. పిల్లవాడు బోర్డింగులో లేకపోతే పటేలు పొలంలో తనకు పని ఉండదు, అదీ ఆమె భయం.

“తప్పైంది సారూ. మాఫ్ జెయ్యుండ్రి. ఇగ పోడు.”

“పోడు కాదమ్మా. వెళ్ళడు.”

ఆమెను కూడా దిద్దాడండీ. తెల్లవారకముందే లేచి, కాలినడకన వచ్చి, చేతులు జోడించుకుని నిలబడ్డ మనిషిని. “ఔ సారూ, పోడు” అనేది ఆమె.

పెద్దయ్యాక ముగ్గురం మూడు దారులయ్యాం. దర్జీ కొడుకు ఫౌజులో లారీ డ్రైవరుగా చేరాడు. పాకిస్తాన్‌తో లడాయిలో, అరవై ఐదులో, సరిహద్దు దగ్గర లారీతో పాటే పోయాడు. నేను అప్పటికే రామాయంపేటలో బడిపంతులును. పోస్టుమాన్ తారు, అదే టెలిగ్రాం, పట్టుకుని దర్జీ దుకాణం ముందు నిలబడటం నా కళ్ళతో చూశాను. “మియా, తుమ్హారా బేటా గుజర్ గయా” అన్నాడు, నీ కొడుకు చనిపోయాడని. అంతే. దర్జీ కాలు మిషను మీద ఆగిపోయింది. పక్క కొట్లవాళ్ళు వచ్చి షట్టర్లు దించారు, ఆయన్ను ఇంటికి తీసుకుపోయారు, ఏడవవలసినవాళ్ళు ఏడ్చారు. మా బోర్డింగు నుంచి అప్పుడు ఒక్కడు రాలేదు. దర్జీ కొడుకు అక్కడ చదివాడన్న సంగతే వాళ్ళకు గుర్తు లేదు.

పల్లె దోస్తు మెట్రిక్ తప్పాడు. ఏ పరీక్షలో అనుకున్నారు? తెలుగులో. మరుసటేడు సికింద్రాబాద్ వెళ్ళి వాడూ ఫౌజులో చేరాడు. పల్లెకు ఉత్తరం ఎప్పుడు చేరుతుందో, ఎవరు చదివి చెబుతారో తెలియదని, భర్తీ కాగితాల్లో ఇంటి చిరునామా కింద బోర్డింగు చిరునామా రాయించాడు. అక్కడైతే చదవడం వచ్చినవాళ్ళుంటారు కదా అనుకున్నాడు పాపం.

సెలవు మీద వచ్చినప్పుడు రామాయంపేటలో నా దగ్గర దిగేవాడు. భుజాలు వెడల్పయ్యాయి, మీసం పెరిగింది, అన్నిటికంటే నోరు లేచింది.

“ఆడ గుంటూరోడున్నడు, విజయనగరమోడున్నడు, మన దిక్కోడు నేనొక్కన్నే. ఎవడు నవ్వడురా. నేను పోయిన అంటే పోయిన్ననే సమజ్ జేసుకుంటరు. తుపాకి పేలుతుంటే తెలుగు ఎవడు దిద్దుతడు?”

వార్డెనును కలవవా అని అడిగాను. “కలుస్త, ఎందుకు కలువ? సార్, నేను ఫౌజుల నుంచి పోయొచ్చిన అంట. సచ్చి లేసొచ్చిండనుకుంటడు” అని కడుపు చేత్తో పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే బోర్డింగులో ఉన్నన్నాళ్ళూ వాడు అలా నవ్వగా నేను చూడలేదు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం గొడవలప్పుడు మా వార్డెను, అప్పటికి హెడ్మాస్టరు, సెలవు పెట్టి వాళ్ళ ఊరు వెళ్ళాడు. చల్లబడ్డాక తిరిగి వచ్చాడు. చూడండి, ఆయన వెళ్ళాడు, వచ్చాడు, పోలేదు. వచ్చి మళ్ళీ ఆ బెత్తమే, ఆ దిద్దుబాట్లే. మనిషి ఏమైనా నేర్చుకుంటాడేమో అనుకున్నవాళ్ళం మేమే వెర్రివాళ్ళం.

డెబ్బై ఒకటి చివర్లో మళ్ళీ లడాయి వచ్చింది. తూర్పు వైపు ఎక్కడో ఏరు దాటుతుండగా నా దోస్తు చనిపోయాడు. తారు బోర్డింగుకు వచ్చింది, ఇంగ్లీషులో. హెడ్మాస్టరు చదువుకున్నాడు. ఆ తారు చేతిలో పట్టుకుని ఆయన మొట్టమొదట వెళ్ళింది తల్లి దగ్గరికి కాదు, పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి దగ్గరికి. ఆ కార్యదర్శి రోడ్ల కాంట్రాక్టరు, మాకు రెండేళ్ళు సీనియరు. ఒక్కడు చచ్చినప్పుడు పట్టనిది, ఇద్దరయ్యేసరికి వాళ్ళకు పండుగలా కనబడింది. ఇద్దరుంటే బండ వేయించవచ్చు, బండ ఉంటే సభ పెట్టవచ్చు, సభ ఉంటే పెద్దమనిషిని పిలవవచ్చు, పెద్దమనిషి వస్తే కాంట్రాక్టులు రావచ్చు. దర్జీ కొడుకు ఆరేళ్ళ తర్వాత హఠాత్తుగా వాళ్ళకు గుర్తొచ్చాడు.

తర్వాత ఇద్దరూ కార్యదర్శి జీపులో పల్లెకు వెళ్ళారు. ఇక్కడ జరిగింది నేను చూడలేదు. ఆమె నాకు తర్వాత చెప్పింది, చెప్పినప్పుడు ఒక్క మాట కూడా మర్చిపోలేదు.

ఆమె కల్లంలో వడ్లు తూర్పారబడుతోంది. హెడ్మాస్టరు జీపు దిగి, కండువా సవరించుకుని, గొంతు బొంగురు చేసుకుని అన్నాడు.

“అమ్మా, మీవాడు వెళ్ళిపోయాడమ్మా. మన పాఠశాలకే గొప్ప కీర్తి తెచ్చాడు.”

ఆమెకు ఏమని అర్థమవుతుంది చెప్పండి. అదే మనిషి, అదే గొంతు, అవే మాటలు. ఆ మాటలకు ఆమె ఎరిగిన అర్థం ఒకటే. కొడుకు మళ్ళీ పారిపోయాడు. ఈసారి బోర్డింగు నుంచి కాదు, ఫౌజు నుంచి. ఫౌజు నుంచి పారిపోతే పట్టుకుని కాల్చేస్తారని ఎవరో అనగా ఆమె విని ఉంది. చేట కింద పడేసి ఆయన కాళ్ళ మీద పడింది.

“ఎవ్వరికి జెప్పకుండ్రి సారూ. మీ కాల్మొక్త.”

ఆయన ఆమెను లేపలేదు. తల మీద చెయ్యి ఊపి, “ధైర్యంగా ఉండమ్మా, కబురు పంపుతాను, సభకు రావాలి” అని జీపెక్కాడు. తారు కాగితం కూడా ఇవ్వలేదు. అద్దం కట్టించి ఆఫీసు గదిలో పెట్టుకోవడానికి ఉంచుకున్నాడు. మెదక్ చేరి, కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదట. కొడుకు త్యాగం గురించి ఎవరికీ చెప్పవద్దని వేడుకుందట. ఎంత నిరాడంబరత, ఎంత గుండె నిబ్బరం, వీరమాత అంటే ఈమేనట. చెబుతూ పొడుం పీల్చాడట.

ఆ వీరమాత ఇంట్లో ఏం చేసిందో చెబుతాను. జీపు ఎందుకొచ్చిందని ఇరుగుపొరుగు అడిగితే, సారు మంచిచెడు అరుసుకోను వచ్చిండని అబద్ధం చెప్పింది. పొద్దుగూకితే వెనక తలుపు గొళ్ళెం తీసి ఉంచింది. అన్నం పళ్ళెం మీద పళ్ళెం బోర్లించింది. కుక్క వచ్చి ఆ అన్నం తినిపోతే, కొడుకే వచ్చి తిని, భయపడి మళ్ళీ పొలాల్లోకి పోయాడేమోనని తెల్లారి గట్ల వెంబడి వెతికింది. కొడుకు చనిపోయిన తల్లికి కనీసం ఏడ్చే హక్కుంటుంది. అది కూడా లేకుండా చేశాడు ఆ పండితుడు, మంచి తెలుగు మాట్లాడి.

నాకు కార్డు వచ్చింది సభకు రమ్మని. దోస్తు పోయిన సంగతి నాకు ఆ కార్డే చెప్పింది. అందులోనూ ‘అమరులైన’ అని ఉంది, రెండుసార్లు చదివితే గానీ దిగలేదు. దర్జీకీ కార్డు పంపారు. ఇద్దరం కలిసి బస్సెక్కాం. ఆయన పెట్టెలోంచి షేర్వానీ తీసి తొడుక్కున్నాడు, నాఫ్తలీన్ వాసన వస్తోంది.

“ఆరేండ్లకు యాదికొచ్చినమా సార్ ఆళ్ళకు?” అన్నాడు.

“ఇప్పుడు పని పడ్డది చాచా.”

“పోనీ తియ్. బండ మీద పేరుంటది. ఆని అమ్మ సూసుకుంటది.”

బోర్డింగు ముందు షామియానా వేశారు. ముందు వరసలో ఇప్పటి పిల్లల్ని తెల్లచొక్కాల్లో కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి ఇంకా రాలేదు. ఆయన ఎమ్మెల్యే కాదు, అవుదామనుకుంటున్నవాడు. అలాంటివాళ్ళు అసలైనవాళ్ళకంటే ఆలస్యంగా వస్తారు. ఆయన బందోబస్తుకు వచ్చిన ఇద్దరు పోలీసు జవాన్లు గేటు దగ్గర లాఠీలు పట్టుకుని నిలబడ్డారు. స్టేజీ మీద చివరి కుర్చీలో, కొసకు, కూర్చోలేక కూర్చున్నట్టు ఆమె కనబడింది. ఉతికిన చీర, కాళ్ళకు చెప్పుల్లేవు. నేను ఏడుపు మొహం చూస్తాననుకుని వెళ్ళాను. ఆ మొహంలో ఉన్నది భయం. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“బిడ్డా, పోలీసోల్లు గూడ అచ్చిండ్రు. నువ్వు జెర చెప్పు. ఆన్ని కొట్టకుండ జెయ్యి.”

“ఎవర్ని పెద్దమ్మా?” అన్నాను. ఆమె జవాబు చెప్పేలోపల కార్యదర్శి వచ్చి నన్ను కిందికి దింపేశాడు, అతిథి కారు వచ్చిందని. కొడుకు పోయిన బాధలో మతి చెదిరిందేమో అనుకుని నేను దర్జీ పక్కకు వెళ్ళి కూర్చున్నాను.

ప్రార్థన అయింది. దండలు అయ్యాయి. హెడ్మాస్టరు మైకు పట్టుకుని గంట కొట్టినట్టు మొదలుపెట్టాడు. నా ప్రియశిష్యులన్నాడు. నా చేతుల మీదుగా తీర్చిదిద్దిన మణిపూసలన్నాడు. ఏ చేతులు, ఏ దిద్దడం అని నాకు లోపల ఉడికిపోతోంది. దర్జీ తల దించుకుని షేర్వానీ గుండీ తిప్పుకుంటున్నాడు. చివరికి, పుత్రమరణ వార్త విని కూడా చలించని ధీరురాలు, ఈ వీరమాత, మనకు రెండు మాటలు చెబుతుంది అని ఆమెను చూపించాడు. పుత్రమరణం. ఆయన తెలుగులో ఆ మాట కూడా ఆమెకు అందకుండా జారిపోయింది. రెండు మాటలు చెప్పమన్నారని మాత్రం అర్థమైంది. ఆమె లేచి మైకు ముందుకు వచ్చి, బోర్డింగు గేటు దగ్గర నిలబడ్డట్టే చేతులు జోడించింది.

“అయ్యలారా, దండం బెడ్త. మావోడు తప్పు జేసిండు. సిన్నప్పటి సంది గట్లనే, ఈ బోర్డింగుల నుంచి గూడ పోయేటోడు. ఇప్పుడు ఫౌజుల నుంచి పోయిండట, సారు జెప్పిండు. నాకు తెల్వది ఏడున్నడో. దొరికితె కొట్టకుండ్రి, కాల్చకుండ్రి. ఎనుక తలుపు తీసే ఉంచిన. వస్తే నేనే రెక్క వట్టి తోల్కొచ్చి అప్పజెప్త. మాఫ్ జెయ్యుండ్రి.”

అతిథి హెడ్మాస్టరు వైపు వంగి “ఏమంటున్నదామె?” అని అడిగాడు. హెడ్మాస్టరు ఆమె వైపు తిరిగాడు. మైకు ఇంకా ఆయన పక్కనే ఉంది, అన్నీ వినబడుతున్నాయి.

“అది కాదమ్మా. వెళ్ళిపోయాడంటే... మనల్ని విడిచి...”

“ఔ సారూ. మీరే జెప్తిరి గద.”

“ఇక లేడమ్మా.”

“ఆడ లేడు గదా సారూ. మరి ఏడున్నడు?”

“దివంగతుడయ్యాడమ్మా.”

ఆమె అయోమయంగా చూసింది. జీవితమంతా కూడబెట్టిన తెలుగులోంచి ఆయన ఒక్కొక్క మాటే తీసి ఆమె ముందు పెడుతున్నాడు, ఒక్కటి పనికి రావడం లేదు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. చివరికి, పదిహేనేళ్ళు మా అరచేతుల మీద కొట్టి చంపుదామనుకున్న మాటను, నోరు వంకర తిప్పి, ఆయనే అన్నాడు.

“పోయిండమ్మా. మీవాడు పోయిండు.”

“యాడికి పోయిండు సారూ?”

ముందు వరసలో పిల్లలు పకపకా నవ్వారు.

ఆ నవ్వు నాకు తెలుసు. ఆ నవ్వు నేర్పినవాడు మైకు ముందు నిలబడి ఉన్నాడు. తర్వాత నేనెలా స్టేజీ ఎక్కానో నాకు తెలియదు. కార్యదర్శి చెయ్యి అడ్డం పెడితే తోసేశానని తర్వాత అన్నారు. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

“సచ్చిపోయిండు పెద్దమ్మా. యాడికి పారిపోలేదు. లడాయిల గుండు తగిలి సచ్చిపోయిండు.”

ఆమె నా మొహంలోకి చూసింది. నిజమేనా అని అడగలేదు. ఆ మాటకు ఇంకో అర్థం లేదు. జోడించిన చేతులు విడిపోయాయి. హెడ్మాస్టరు వైపు తిరిగి, కోపం లేకుండా, నిజంగా తెలియక అడుగుతున్నట్టు అంది.

“గా మాట జెప్పితె అయిపోతుండె గద సారూ. గిన్నొద్దులు ఎందుకు జెప్పకపోతివి?”

ఆయనకు ఉన్నది వ్యాకరణం. కింద కుర్చీలోంచి దర్జీ లేచి వచ్చి, ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి, తన రుమాలు ఇచ్చి పక్కనే కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చింది. అలాంటి ఏడుపు మైకు ముందు బాగుండదు కాబట్టి కార్యదర్శి మైకు తీయించేశాడు. అతిథికి చేగుంటలో ఇంకో సభ ఉందట, గబగబా వెళ్ళి బండ మీది తెర లాగాడు. చప్పట్లు కూడా కొట్టారండీ. నాలుగు రోజులు పోయాక హెడ్మాస్టరు ఊళ్ళో చెప్పుకున్నాడట, పుత్రశోకంతో ఆ తల్లికి మతి చలించిందని. థూ, ఇంకేం అంటాం.

బండ మీద తన కొడుకు పేరు చూడకుండానే దర్జీ మాతో వచ్చేశాడు. హవేలిఘనపూర్ దాకా బస్సులో, అక్కడి నుంచి పొలాల గట్ల మీద నడిచి వెళ్ళాం. దారిలో ఎదురైన ఆడమనిషి ఒకామె “ఏమైందే?” అని అడిగింది. “కొడుకు సచ్చిపోయిండు” అని తల్లి చెప్పింది. ఆ ఊళ్ళో ఆ సంగతి ఎవరికైనా తెలియడం అదే మొదలు. అడిగినామె నెత్తి మీది గడ్డిమోపు అక్కడే పడేసి మా వెంట వచ్చింది. ఇల్లు చేరేసరికి వెనక పదిమంది ఆడవాళ్ళు ఉన్నారు, ఇల్లంతా ఏడుపు లేచింది.

వాళ్ళను వదిలి ఆమె లోపలికి నడిచింది. గుమ్మి పక్కన నేల మీద పళ్ళెం మీద పళ్ళెం బోర్లించి ఉంది. పై పళ్ళెం తీసి చూసింది. పొద్దున సభకు వచ్చేముందు పెట్టిన అన్నం, ఎవరూ ముట్టలేదు. పళ్ళెం పట్టుకుపోయి వెనక వాకిట్లో కోళ్ళకు వేసి, లోపలికి వచ్చి, తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది.

“ఇగ పోడు” అంది.